ముఫ్త్ సఫర్: మూసారాంబాగ్ నుంచి హయాత్‌నగర్ దాకా

సంక్రాంతికో, దసరాకో, బక్రీద్ సెలవులకో హైదరాబాద్ నుంచి విజయవాడ బాట పట్టే కార్లని చూడండి. మలక్‌పేట దగ్గర మొదలయ్యే ట్రాఫిక్ హయాత్‌నగర్ దాటేదాకా వదలదు. కార్లో ఉన్నవాళ్లందరి ఫికర్ ఒక్కటే, ఈ షహర్‌లోంచి ఎప్పుడు బయటపడతామా అని. పిల్లలు ఫోన్లో తలదూర్చి ఉంటారు. పెద్దవాళ్లు హారన్ల మీద చిరాకు పడుతుంటారు. సఫర్ అంటే ఔటర్ రింగ్ రోడ్డు దాటాకే షురూ అవుతుందని అందరి ఖయాల్. ఇక చూడాల్సిన జాగా ఏమిటంటే రామోజీ ఫిల్మ్ సిటీ పేరు చెబుతారు. దానికి ఇంటిల్లిపాదికీ టికెట్లు తీసేసరికి జేబు ఖాళీ.

మా అమ్మీ వాళ్లది సూర్యాపేట. అందుకని ఈ బాట మీద నేను ఎన్నిసార్లు తిరిగానో లెక్క లేదు. నేను చెప్పొచ్చేదేమిటంటే, మూసారాంబాగ్ నుంచి హయాత్‌నగర్ దాకా పదిహేను కిలోమీటర్ల లోపే నాలుగొందల ఏళ్ల తారీఖ్ పరుచుకుని ఉంది. దాన్ని చూడ్డానికి ఒక్క రూపాయి ఖర్చు లేదు. పెట్రోల్ పోసుకున్న కారు ఎలాగూ అటే పోతుంది కదా, ఒక పూట ముందు బయలుదేరితే చాలు.

ఒక మాట ముందే చెప్పాలి. ముఫ్త్ అనగానే మనవాళ్లకి చులకన. డబ్బులు తీసుకోలేదంటే అందులో ఏముంటుందిలే అనుకుంటారు. ఈ బాట మీద ముఫ్త్‌గా మిగిలినవన్నీ ఒకప్పుడు ఎవరో ఖర్చు పెట్టి, పదిమంది కోసం వదిలిపెట్టి పోయినవి. ఆ వదిలిపెట్టినవాళ్ల పేర్లే ఈ రోజు మన బస్టాపులకీ మెట్రో స్టేషన్లకీ ఉన్నాయి. 2018 సెప్టెంబర్ 24న అమీర్‌పేట నుంచి ఎల్బీనగర్ దాకా మెట్రో నడవడం మొదలైంది. అప్పట్నుంచి ఆ పేర్లు రోజూ మైకులో వినబడుతున్నాయి. ఆ పేర్ల వెనక ఉన్న మనుషులు మాత్రం ఎవరికీ గుర్తు లేరు.

ముందు ఈ బాట సంగతి. ఇప్పుడు దీన్ని 65వ నంబర్ జాతీయ రహదారి అంటున్నాం. పాతవాళ్లు ఇంకా తొమ్మిదో నంబర్ అనే అంటారు. వీళ్లందరికంటే ముందు, కుతుబ్ షాహీల జమానాలో, దాదాపు ఇదే దిశలో గోల్కొండ నుంచి మచిలీపట్నం బందరుకు బాట ఉండేది. గోల్కొండ వజ్రాలు, తెలంగాణ నేతగాళ్ల బట్ట ఆ బాట మీదే సముద్రానికి పోయేవి. ఇరాన్ నుంచి వచ్చిన సౌదాగర్లు, డచ్చివాళ్లు, ఇంగ్లీషువాళ్లు బందరులో దిగి ఆ బాట మీదే షహర్‌కి వచ్చేవారు. ఎడ్లబండ్లు, పల్లకీలు, కాలినడక. అంత దూరం నడిచొచ్చేవాడికి మధ్యలో నీళ్లు, నీడ, రాత్రి తలదాచుకోను ఒక కప్పు కావాలి. ఈ పదిహేను కిలోమీటర్ల తారీఖ్ అంతా ఆ అవసరంలోంచి పుట్టిందే.

మలక్‌పేట నుంచే మొదలుపెడదాం. అబ్దుల్లా కుతుబ్ షా కొలువులో మాలిక్ యాకూబ్ అనే ఆయన ఉండేవాడు. ఆయన ఇల్లు, ఆయన చుట్టూ లేచిన బజార్ ఇక్కడుండేవట. అదే మలక్‌పేట అయింది. రెండొందల ఏళ్ల తర్వాత, 1886లో, ఆరో నిజాం మహబూబ్ అలీ పాషా గుర్రప్పందేల మైదానాన్ని ఇక్కడికి తెచ్చాడు. ఆ మైదానం ఇప్పటికీ ఉంది. మన సఫర్‌కి దాంతో పని లేదు కాబట్టి ముందుకు పోదాం.

తర్వాతిది మూసారాంబాగ్. మా చిన్నది ఒకసారి మెట్రోలో అడిగింది: "అబ్బా, మూసా మనోళ్ల పేరు, రామ్ వాళ్ల పేరు. ఇద్దరూ కలిసి బాగ్ కొన్నారా?" నాకు నవ్వొచ్చింది గానీ, జవాబు ఆ ప్రశ్న కంటే విచిత్రం. ఆ మూసా మనోడూ కాదు, ఆ రామ్ వాళ్లోడూ కాదు. ఆయన ఫ్రాన్సు దేశస్తుడు.

పేరు మిషెల్ రేమాన్. 1755లో పుట్టాడు. ఇరవై ఏళ్ల కుర్రాడిగా పాండిచ్చేరిలో దిగాడు. కొన్నాళ్లు అక్కడా ఇక్కడా తిరిగి, రెండో ఆసఫ్ జాహ్ నిజాం అలీ ఖాన్ కొలువులో చేరాడు. నిజాంకి వేల మంది సిపాయిల ఫౌజ్‌ని ఫ్రెంచి పద్ధతిలో తయారుచేసి పెట్టాడు. తోపులు పోతపోసే కార్ఖానా పెట్టాడు. ఆబిడ్స్ పక్కన గన్‌ఫౌండ్రీ అంటామే, తోప్ కా సాంచా, అది ఆయన నిషానీయే. ఫ్రెంచి వాళ్ల 'మొస్యూ' మన నోట్లో పడి మూసా అయింది. రేమాన్ కాస్తా ముసల్మాన్లకి మూసా రహీమ్, హిందువులకి మూసా రామ్ అయ్యాడు. ఎవరికి నచ్చినట్టు వాళ్లు పిలుచుకున్నారు. ఇద్దరూ తమవాడే అనుకున్నారు. ఒక పరాయి దేశస్తుడికి ఇంతకంటే ఇజ్జత్ ఏం కావాలి?

1798 మార్చి 25న ఆయన చనిపోయాడు. అదే ఏడాది అక్టోబర్‌లో ఇంగ్లీషువాళ్లు ఆయన ఫౌజ్ చేత ఆయుధాలు కింద పెట్టించారు. ఫ్రెంచి అఫ్సర్లని సాగనంపారు. హైదరాబాద్ మీద ఇంగ్లీషువాళ్ల పెత్తనానికి బాట అక్కడే సాఫ్ అయింది. రేమాన్ ఇంకో ఏడాది బతికుంటే ఏమయ్యేదో అని పాతవాళ్లు వాదించుకునేవారు. అది వదిలేద్దాం. మనం చూడాల్సింది ఆయన మజార్. ఆస్మాన్‌గఢ్ గుట్ట మీద, దాదాపు ఏడు మీటర్ల ఎత్తున నల్లరాతి స్తంభం నిలబడి ఉంటుంది. దాని మీద ఆయన పేరు తాలూకు రెండు ఇంగ్లీషు అక్షరాలు. శిలువ లేదు, నెలవంక లేదు. పక్కనే గ్రీకు గుడిలాగా స్తంభాల మంటపం. 2001 అక్టోబర్ వానలకి ఆ మంటపం కూలిపోతే తర్వాత మళ్లీ కట్టారు. ఏటా ఆయన బర్సీకి ఇక్కడ ఉర్సులాగా జనం చేరేవారని, మహబూబ్ పాషా ఆయన ఖబర్‌కి చుట్టలూ బీరు సీసా పంపేవాడని పాత షహర్‌లో చెప్పుకుంటారు.

గుట్ట ఎక్కి నిలబడితే పిల్లలకి రెండు సంగతులు తెలుస్తాయి. ఒకటి, ఇంత రద్దీ షహర్ నడుమ కూడా గాలి ఆడే చోటు ఉందని. రెండు, ఒక మనిషి ఏ మజహబ్ వాడో రాయి మీద చెక్కకపోయినా జనం యాదిలో పెట్టుకుంటారని. అదే గుట్ట మీద ఆస్మాన్‌గఢ్ ప్యాలెస్ ఉంది. పాయెగా ఖాన్‌దాన్‌కి చెందిన సర్ ఆస్మాన్ జాహ్ 1885లో కట్టించాడు. ఆయన తర్వాత హైదరాబాద్‌కి దీవాన్ కూడా అయ్యాడు. కోటలాంటి బురుజులు, కోసుగా లేచే కమాన్లు. అందులో బడి నడిచింది కాబట్టి బయటి నుంచి చూడ్డమే. బయటి నుంచి కూడా చాలు.

గుట్ట దిగితే దిల్‌సుఖ్‌నగర్. ఈ పేరు చూడండి ఎంత ముచ్చటగా ఉందో. దిల్ ఫార్సీ, సుఖ్ సంస్కృతంలోంచి వచ్చింది, నగర్ కూడా అంతే. దిల్‌సుఖ్ రామ్ పర్షాద్ అనే ఆయనకి ఇక్కడ పొలాలుండేవి. వాటిని ప్లాట్లు చేసి అమ్మితే వెలిసిన బస్తీకి ఆయన పేరే నిలిచింది. ఒక హిందూ పెద్దమనిషికి వాళ్ల అమ్మానాన్నలు సగం ఫార్సీ, సగం హిందీ పేరు పెట్టారు. అప్పుడు దాన్ని ఎవరూ వింతగా చూడలేదు. భాష మజహబ్ చూసుకుని రాదు, ఇంట్లో ఏది మాట్లాడితే అది పేరైపోతుంది. అంతే.

ఇప్పటి పిల్లలు ఫోన్లో దిల్‌సుఖ్‌నగర్ అని కొడితే ముందు వచ్చేది ఈ ముచ్చట కాదు. 2013 ఫిబ్రవరి 21 వస్తుంది. ఆ సాయంత్రం ఈ రోడ్డు మీదే, బస్టాపు దగ్గరా టిఫిన్ బండి దగ్గరా, రెండు బాంబులు పేలాయి. కోచింగ్ సెంటర్ల నుంచి ఇళ్లకు పోతున్న పిల్లలు, రోజుకూలీకి వచ్చినవాళ్లు ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఆ తారీఖుని మరచిపోవాలని నేను అనను. మరచిపోకూడదు. చనిపోయినవాళ్లకి మనం బాకీ ఉన్న కనీస మర్యాద అది. నా గోస వేరే. ఒక బస్తీ గురించి మన పిల్లలకి ఒక్క తారీఖే తెలిస్తే, ఆ బస్తీ మనుషుల్ని వాళ్లు భయంతోనే చూస్తారు. ఆ తర్వాత చాలా ఏళ్లు ఈ చుట్టుపక్కల మా పేరు చెప్పి కిరాయికి ఇల్లు అడిగితే ఎదురయ్యే చూపులు నాకు తెలుసు. వాటికి మందు మనం చెప్పే మిగతా తారీఖుల్లోనే ఉంది. 1798 కూడా తెలియాలి. దిల్‌సుఖ్ రామ్ కూడా తెలియాలి. అందుకే దిల్‌సుఖ్‌నగర్‌లో కారు ఆపడానికి జాగా దొరక్కపోయినా సరే, నడుస్తున్న కార్లోనే పిల్లలకి ఆ పేరుకి అర్థం చెప్పండి. దానికీ డబ్బులక్కర్లేదు.

కుడిచేతి వైపు సరూర్‌నగర్. అసలు మాట సురూర్, అంటే ఖుషీ, మత్తెక్కించే ఆనందం. రేమాన్ కాలంలోనే నిజాం దగ్గర దీవాన్‌గా చేసిన అరస్తూ జాహ్ బేగమ్ పేరు సురూర్ అఫ్జా. ఆమె పేరు మీదే ఈ ఊరు అంటారు. చెరువు మాత్రం ఆమెకంటే చాలా పాతది. 1626లో తవ్వించారని చెబుతారు. అదే ఏడాది గోల్కొండలో అబ్దుల్లా కుతుబ్ షా తఖ్త్ ఎక్కాడు. అప్పటికి ఆయనకి పట్టుమని పన్నెండేళ్లు నిండలేదు. కొడుకు పేరు మీద వాళ్ల అమ్మీ రాజ్యం చక్కబెట్టింది. ఆ అమ్మీని హయాత్‌నగర్‌లో కలుసుకుంటాం, కాస్త ఆగండి.

సరూర్‌నగర్ చెరువు గట్టు మీద సాయంత్రం పూట నడవండి. వినాయక నిమజ్జనానికి ఈ వైపు బస్తీలన్నీ ఇక్కడికే వస్తాయి. వాసన వస్తుందని ముక్కు మూసుకునే పిల్లలకి ఒక మాట చెప్పాలి: ఒకప్పుడు ఈ నీళ్లతో పొలాలు పండాయి. హైదరాబాద్ చెరువులు ఒకదానికొకటి చేతులు పట్టుకున్నట్టు ఉండేవి. పైచెరువు అలుగు పోస్తే కిందిచెరువు నిండేది, ఆఖరికి నీళ్లు మూసీకి చేరేవి. మధ్యలో నాలాల మీద ఇళ్లు లేచాయి. 2020 అక్టోబర్‌లో పెద్ద వాన పడ్డ రాత్రి ఈ చెరువు చుట్టుపక్కల కాలనీలు మునిగాయి. నడుముల్లోతు నీళ్లలో ముసలివాళ్లని మోసుకొచ్చారు. నాలుగొందల ఏళ్ల కింద చెరువు తవ్వినవాళ్లు నీళ్లు ఏ బాటన పోవాలో చూసుకునే తవ్వారు. వాళ్లు ముఫ్త్‌గా ఇచ్చిన ఇల్మ్‌ని మనం వాడుకోలేదు.

చెరువు దాటితే మెట్రో స్టేషన్ ఒకటి, విక్టోరియా మెమోరియల్. ఇంగ్లాండు రాణి 1901లో చనిపోయాక ఆమె పేరు మీద మహబూబ్ పాషా కాలంలో యతీమ్ పిల్లల కోసం పెట్టిన ఆశ్రమం అది. విశాలమైన ఆవరణ, పాత కట్టడం. చూడబుద్ధి అవుతుంది. అయితే అది పిల్లలు ఉండే ఇల్లు. తమాషా చూసే జాగా కాదు. కారు నెమ్మది చేసి, తల్లీదండ్రీ లేని పిల్లల కోసం ఇంత జాగా ఇచ్చినవాళ్లుండేవారని మన పిల్లలకి చెప్పి సాగిపోవడం మర్యాద.

ఎల్బీనగర్ చౌరస్తాలో నాగార్జునసాగర్ బాట కుడికి విడిపోతుంది. తెలంగాణ కోసం 2009 నవంబర్ 29న ఇక్కడే ఒంటికి నిప్పు పెట్టుకుని, నాలుగు రోజుల తర్వాత కన్నుమూసిన శ్రీకాంతాచారి విగ్రహం ఉంది ఇక్కడ. ఫ్లైఓవర్ల కింద నుంచి పోతూ ఆ కుర్రాడి ముఖం ఒకసారి చూడండి. ఇక ఎల్బీ అంటే లాల్ బహదూర్. మన రెండో ప్రధాని లాల్ బహదూర్ శాస్త్రి. బహదూర్ అనే మాట తుర్కులు, మంగోలుల నుంచి ఫార్సీలోకి, అక్కణ్నుంచి మన దాకా వచ్చింది. శాస్త్రి అనేది కాశీ విద్యాపీఠ్ ఇచ్చిన పట్టా. తన కులం చెప్పే ఇంటిపేరుని ఆయన వదిలేశాడు. 1966 జనవరి 11న ఆయన చనిపోయింది తాష్కెంట్‌లో, పాకిస్తాన్‌తో సులహ్ రాసుకున్న మర్నాడు తెల్లవారకముందే. రెండక్షరాలకి కుదించుకున్న పేరులో ఇంత సంగతి ఉంది.

ఎల్బీనగర్ నుంచి ఇంకో ఏడు కిలోమీటర్లు పోతే హయాత్‌నగర్. ఇది మన ఆఖరి మజిలీ, అసలు మజిలీ.

హయాత్ బక్షీ బేగమ్ ఈ షహర్‌ని కట్టిన మహమ్మద్ కులీ కుతుబ్ షాకి బిడ్డ. ఆయన తర్వాత తఖ్త్ ఎక్కిన మహమ్మద్ కుతుబ్ షాకి బేగమ్. ఆ తర్వాత ఎక్కిన అబ్దుల్లాకి తల్లి. జనం ఆమెని మా సాహెబా అన్నారు. మాసాబ్ ట్యాంక్ అంటున్నామే, అది మా సాహెబా తలాబ్. 1656లో దక్కన్ సుబేదార్‌గా ఉన్న ఔరంగజేబు ఫౌజ్‌తో వచ్చి గోల్కొండని చుట్టుముట్టాడు. అప్పుడు ఆ పెద్దావిడ స్వయంగా మొగలుల ఛావణీకి పోయి మాట్లాడింది. ఢిల్లీ నుంచి షాజహాన్ ఫర్మానూ, ఈమె రాయబారమూ కలిసి ముట్టడి ఎత్తేశారు. నజరానా కట్టాల్సి వచ్చింది, మనవరాలిని ఔరంగజేబు కొడుక్కిచ్చి నికాహ్ చేయాల్సి వచ్చింది. కానీ గోల్కొండ ఇంకో ముప్పై ఏళ్లు నిలబడింది. 1667లో ఆమె పోయింది. ఆమె ఖబర్ గోల్కొండ గుంబదుల్లో ఉంది.

ఆమె పేరు మీద ఉన్న మసీదు హయాత్‌నగర్‌లో ఉంది. ఎత్తైన అరుగు మీద ఐదు కమాన్ల ముఖం, రెండు మినార్లు. దాని చుట్టూ పెద్ద సహన్. సహన్ చుట్టూ వరుసగా గదులు. ఆ గదులే సరాయి. బందరు బాటన వచ్చే ముసాఫిర్లు రాత్రికి దిగింది వాటిల్లోనే. పక్కన హాథీ బావి. ఏనుగులతో నీళ్లు తోడించేవారని చెబుతారు. నీళ్లు, నీడ, కప్పు, ముందు చెప్పుకున్న మూడూ ఒక్క చోట ఉన్నాయి.

ఆ కాలంలో ఈ బాట మీద సరాయిల్లో ఏం జరిగేదో తావెర్నియే రాశాడు. వజ్రాల బేరానికి వచ్చిన ఫ్రెంచి సౌదాగర్ ఆయన. గోల్కొండ నుంచి మచిలీపట్నం పోతూ మొదటి మజిలీలో చూసిన దివ్యమైన సరాయి గురించి చెబుతాడు. అక్కడ రోజూ సాయంత్రం పేద ముసాఫిర్లకి రొట్టె, అన్నం, పప్పు పంచేవారట. పరాయి చేతి వంట తినని హిందువులుంటే వాళ్లకి వండుకోమని పిండీ, కొంచెం నెయ్యీ ఇచ్చేవారట. ఈ మాట చదివినప్పుడల్లా నాకు మనసు నిండిపోతుంది. అన్నం పెట్టడం గొప్పే. అయితే అవతలివాడి ఆచారం అడిగి తెలుసుకుని, దానికి తగ్గట్టు పెట్టడం ఇంకా గొప్ప. మా అన్నం తింటేనే తిను, లేకపోతే పస్తుండు అనలేదు ఎవరూ.

మా దీన్‌లో జకాత్ ఎవరికి చెందాలో ఎనిమిది రకాల మనుషుల్ని చెప్పారు. అందులో ఒకరు ఇబ్నుస్సబీల్. మాటకి మాట చెప్పాలంటే బాట బిడ్డ, అంటే ముసాఫిర్. తన ఊళ్లో షావుకారే కావచ్చు, బాట మీద చేతిలో ఏమీ లేకపోతే అతనికీ హక్కుంది. తెలుగు నేల మీద సత్రాలు, చలివేంద్రాలు పెట్టినవాళ్లది కూడా ఇదే మాట. పేర్లు వేరు. దాహం ఒక్కటే. అందుకే సరాయికి టికెట్ లేదు. అది ఖైరాత్ అని కూడా అనుకోలేదు, ముసాఫిర్ హక్కు అనుకున్నారు.

ఇప్పుడు మన షహర్‌లో పిల్లల్ని కాసేపు కూర్చోబెట్టుకునే ముఫ్త్ జాగా ఎక్కడుంది? మాల్‌కి టికెట్ లేదు గానీ లోపలికి పోతే జేబు మిగలదు. పార్కులకి గేట్లు, చెరువులకి కంచెలు. హయాత్‌నగర్ మసీదు ప్రభుత్వ పురావస్తు శాఖ రక్షణలో ఉంది. అయినా చుట్టూ ఇళ్లూ దుకాణాలూ మీదికి వచ్చేశాయి. ఎవరూ రాని జాగాని కాపాడాలని ఎవరికీ అనిపించదు. పదిమంది పిల్లలు వచ్చి ఇది ఎవరిది, ఎవరు కట్టారు అని అడుగుతుంటేనే అది నిలుస్తుంది. ఇది మనకి వాళ్లు అప్పజెప్పిన అమానత్.

కాబట్టి మీరు చేయాల్సిందిది. పొద్దున్నే ఎండ ముదరకముందు మూసారాంబాగ్ గుట్ట ఎక్కండి. దిల్‌సుఖ్‌నగర్ దాటేటప్పుడు పేర్ల ఆట ఆడండి: ఆస్మాన్ అంటే ఆకాశం, దిల్‌సుఖ్ అంటే మనసుకి హాయి, సురూర్ అంటే ఖుషీ, హయాత్ అంటే బతుకు. ఎవరు ఎక్కువ చెబితే వాళ్లకి ముందు సీటు. సరూర్‌నగర్ గట్టు మీద ఒక పావుగంట. హయాత్‌నగర్‌కి నమాజ్ వేళ కాకుండా చూసుకుని చేరండి. అది ఇప్పటికీ సజ్దా చేసే జాగా. చెప్పులు విడిచి, అక్కడున్న పెద్దల్ని ఇజాజత్ అడిగి లోపలికి వెళ్లండి. గోడల మీద పేర్లు గీకనివ్వకండి, చెత్త పారేయనివ్వకండి.

ఇంటి నుంచి టిఫిన్ కట్టుకునేటప్పుడు ఒక డబ్బా ఎక్కువ కట్టుకోండి. దారిలో ఆకలితో ఉన్నవాళ్లు ఎవరో ఒకరు కనబడతారు. ఇచ్చేముందు మాత్రం ఏం తింటారో అడగండి.